అక్కకు రాసిన ఉత్తరాలు

జపానులో బడిపిల్లలకు కూడా తెలిసిన చరిత్రపురుషులు చాలామంది ఉన్నారు. వారిలో రాజ్యాలు గెలిచినవారున్నారు, పెద్దపెద్ద కోటలు కట్టించినవారున్నారు. సకమోతో ర్యోమ ఆ కోవలోనివాడు కాదు. ఆయన ఏ సంస్థానానికీ ప్రభువు కాడు, ఏ సైన్యానికీ సేనాని కాడు. ఏ ప్రభుత్వంలోనూ మంత్రి కాలేదు. 1836 జనవరిలో పుట్టి, 1867 డిసెంబరులో క్యోటో నగరంలో హత్యకు గురయ్యాడు. బతికింది ముప్పయ్యొక్క సంవత్సరాలు. అయినా ఆ దేశంలో జనం మనసుకు ఆయనంత దగ్గరివాడు మరొకడు లేడనిపిస్తుంది. ఆయన పేరుతో నవలలు, నాటకాలు, సినిమాలు వచ్చాయి. 2010లో అక్కడి జాతీయ టెలివిజన్ సంస్థ ఏడాది పొడుగునా ఆయన కథను ధారావాహికగా ప్రసారం చేసింది. ఆయన పుట్టిన ఊరి విమానాశ్రయాన్ని 2003 నుంచి ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

పదవీ, సింహాసనమూ లేని మనిషి మీద ఇంత ప్రేమ ఎందుకు? 2023 నవంబరులో ఆ దేశం వెళ్ళే అవకాశం కలిగినప్పుడు ఈ ప్రశ్నను వెంట తీసుకుపోయాను. మా మేనకోడలు ఒసాకాలో ఉద్యోగం చేస్తోంది. జపనీసు చదవగలదు, మాట్లాడగలదు. ఆమె తోడుగా రాబట్టే నా ప్రయాణం సాగింది.

ర్యోమ పుట్టిన ఊరు కోచి. కేరళలోని కొచ్చి కాదు. జపాను నాలుగు పెద్ద దీవులలో చిన్నదైన షికోకుకు దక్షిణపు ఒడ్డున ఉంది. పూర్వం ఆ ప్రాంతాన్ని తోసా సంస్థానం అనేవారు. ఒకాయామా నుంచి రైలెక్కితే సముద్రం మీద కట్టిన వంతెన దాటి షికోకులో అడుగుపెడతాం. ఆ వంతెన 1988లో తెరిచారు. అంతకు ముందు రైలు దిగి పడవ ఎక్కవలసిందే. వంతెన తరువాత కొండలు, సొరంగాలు, లోయల అడుగున నదులు. ఈ కొండలు దాటడమే ర్యోమ జీవితంలో పెద్ద మలుపు అని తరువాత తెలుసుకున్నాను. కోచి చేరాక బస్సులో కత్సురహమ అనే సముద్రతీరానికి వెళ్ళాలి. దేవదారు జాతి చెట్లు, గులకరాళ్ళ ఒడ్డు, విరుచుకుపడే అలలు. అక్కడ ఈతకు దిగనివ్వరు. ఎదుట పసిఫిక్ మహాసముద్రం తప్ప ఇంకేమీ లేదు. మా గోపాలపురం ఒడ్డున పెరిగినవాడికి ఆ హోరు కొత్త కాదు. అక్కడివాళ్ళు సూర జాతి చేపను పైపైన నిప్పుల మీద కాల్చి తింటారు. ఆ వాసన మాత్రం కొత్త.

తీరాన ఎత్తయిన దిమ్మె మీద ర్యోమ కంచు విగ్రహం ఉంది. దిమ్మెతో కలిపి పదమూడు మీటర్లకు పైమాటే. 1928లో నిలబెట్టారు. ప్రభుత్వం వేయించినది కాదు, ఆ ప్రాంతపు యువకులు చందాలు పోగుచేసి చేయించినది. ఆ పక్కనే కొండ మీద కోచి జిల్లావారి సకమోతో ర్యోమ స్మారక మ్యూజియం. అది 1991 నవంబరు 15న తెరిచారు. 2018లో పక్కనే కొత్త భవనం కట్టి, అసలు పత్రాలను భద్రంగా చూపే ఏర్పాటు చేశారు.

మ్యూజియం లోపలి సంగతులు చెప్పేముందు ర్యోమ కథ క్లుప్తంగా చెప్పాలి. ఆ కాలంలో జపాను ఒక దేశమన్నమాటే గాని, రెండువందల అరవైకి పైగా సంస్థానాల మూట. పైన షోగున్ అనే సేనాధిపతి పాలన. చక్రవర్తి క్యోటోలో పేరుకు మాత్రం ఉండేవాడు. ఒక సంస్థానపువాడు అనుమతి లేకుండా ఇంకో సంస్థానానికి వెళ్ళిపోతే అది నేరం. తోసాలో క్షత్రియులనదగ్గ సమురాయిలలోనే పైవారు, కిందివారు అని గట్టి తేడా ఉండేది. ర్యోమ కుటుంబం కింది వర్గం. వారి పూర్వులు వడ్డీ వ్యాపారం, సారా బట్టీ, బట్టల దుకాణం నడిపిన వర్తకులు. డబ్బు వచ్చాక గ్రామ సమురాయి హోదా సంపాదించారు. అంటే ఇంట్లో ఒక చేత కత్తి, ఒక చేత తక్కెడ.

తల్లి చిన్నతనంలోనే పోయింది. పెంచినది అక్క ఒతోమె. ఆమె భారీ మనిషి. గుడి ద్వారం దగ్గర నిలబడే ద్వారపాలకుడితో పోల్చి ఊరివాళ్ళు వేళాకోళం చేసేవారట. కత్తి తిప్పేది, గుర్రం ఎక్కేది, ఈదేది, కవిత్వమూ సంగీతమూ ఎరిగినది. తమ్ముడికి చదువూ సామూ రెండూ ఆమె నేర్పినవే. 1853లో ర్యోమ కత్తిసాము నేర్చుకోవడానికి ఎడో నగరం, అంటే నేటి టోక్యో, వెళ్ళాడు. ఆ ఏడే అమెరికా నౌకాధికారి పెరీ నల్ల ఓడలతో వచ్చి తలుపులు తెరవమని జపానును గద్దించాడు. దేశమంతా కలవరం. విదేశీయులను తరిమివేయాలన్న యువకులలో ర్యోమ ఒకడు. 1862లో ఆయన అనుమతి లేకుండా తోసా విడిచిపోయాడు. కొండదారుల వెంట పొలిమేర దాటాడు. దొరికితే శిక్ష, ఇంట్లోవాళ్ళకూ ముప్పు.

అదే ఏడు కత్సు కైషు అనే షోగున్ అధికారిని కలిశాడు. కైషు అమెరికా చూసి వచ్చినవాడు. ఓడలు లేని దేశం నిలవదని, ఓడలు కావాలంటే సంస్థానాల గోడలు పోవాలని నమ్మినవాడు. ర్యోమ ఆయన శిష్యుడయ్యాడు. 1865లో నాగసాకిలో తోటివారితో కలిసి ఓడల వ్యాపార సంఘం పెట్టాడు. బద్ధశత్రువులైన సత్సుమ, చోషు సంస్థానాలను కలపడం ఆ సంఘానికి పెద్ద పని. షోగున్ ఆంక్షల వల్ల చోషు తుపాకులు కొనలేదు. సత్సుమ పేరుతో కొనిపించి చోషుకు చేర్చారు. బదులుగా చోషు బియ్యం సత్సుమకు ఇప్పించే ఏర్పాటు తలపెట్టారు. వర్తకుల ఇంటి బుద్ధి రాజకీయాల్లో పనిచేసిందన్నమాట. 1866 మార్చిలో రెండు సంస్థానాలూ చేతులు కలిపాయి. 1867 నవంబరులో షోగున్ అధికారాన్ని చక్రవర్తికి తిరిగి అప్పగించాడు. నెల తిరగ్గానే క్యోటోలో ఒక సోయాపులుసు వ్యాపారి మేడ మీద, ర్యోమను, ఆయన మిత్రుడు నకఓక షింతరోను హంతకులు నరికారు. షోగున్ పక్షపు దళం వారే చేశారని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. పాత పంచాంగం ప్రకారం ర్యోమ పుట్టినదీ పోయినదీ ఒకే తిథి, పదకొండో నెల పదిహేనో రోజు. కత్సురహమ మ్యూజియం తెరవడానికి నవంబరు 15ను ఎంచుకోవడంలోని భావం ఇదే.

మ్యూజియంలో ఆ వర్తకుడి మేడగదిని అంతే కొలతలతో కట్టి చూపారు. ఎనిమిది చాపల గది. గోడకు పూలచెట్టు బొమ్మ వేలాడుతుంది. అసలు బొమ్మ మీద ఆ రాత్రి చిందిన రక్తం మరకలు ఉన్నాయి. అది క్యోటో జాతీయ మ్యూజియంలో ఉంది. పిల్లలు ఆ గదిలోకి వెళ్ళి కూర్చుంటారు, ఫొటోలు తీసుకుంటారు. హత్య జరిగిన చోటు గనక అక్కడే జనం ఎక్కువ ఆగుతారనుకున్నాను. కాని జనం ఎక్కువసేపు నిలబడినది వేరే చోట. అది ఉత్తరాల గది.

ర్యోమ రాసిన ఉత్తరాలలో నేటికి దొరికినవి సుమారు 140. ముప్పయ్యేళ్ళు బతికి, ఊరూరా తిరిగి, దాక్కుని బతికిన మనిషి చేతిరాత ఇంత మిగలడం చిన్న విషయం కాదు. అందులో ముఖ్యమైనవి అక్క ఒతోమెకు రాసినవి. మిగిలిన తీరు కూడా చెప్పుకోవాలి. అన్నగారి వంశంవారు తరువాత ఉత్తరాన హొక్కైదో దీవికి వలసపోయారు. అక్కడ కుషిరో పట్టణంలో 1913లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ర్యోమ వస్తువులు కొన్ని కాలిపోయాయి. ఆ వేడికి ఆయన కత్తి వంపు పోయి తిన్నగా అయిపోయింది. ఉత్తరాలు మాత్రం దక్కాయి. వలసపోయినవాళ్ళు పెట్టెలో మోసుకుపోయి కాపాడిన కాగితాలవి. తరువాత క్యోటో మ్యూజియానికి ఇచ్చారు. కత్సురహమలో కొన్ని అసలు ప్రతులు, కొన్ని నకళ్ళు ప్రదర్శిస్తారు.

అక్కడ నిలబడి మా మేనకోడలు ఒక మాట అంది. "మావయ్యా, ఇది పుస్తకాల జపనీసు కాదు. ఇంట్లో మాట్లాడుకునేది."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ కాలంలో జపానులో చదువుకున్న మగవాడు ఉత్తరం రాయాలంటే ఒక గ్రాంథిక ఫణితి ఉండేది. చైనా లిపి నిండిన, మర్యాద క్రియలతో ముగిసే వాక్యాలు. మన పెద్దలు "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, "తెలియజేసుకొనునది యేమనగా" అని సాగదీసినట్టు. ర్యోమ కూడా దొరలకు రాసేటప్పుడు ఆ ఫణితిలోనే రాశాడు. కాని అక్కకు, తనను పెంచిన దాదికి రాసినప్పుడు ఉన్నట్టుండి ఆ ముసుగు తీసేస్తాడు. కనా అనే తేలిక అక్షరాలు ఎక్కువవుతాయి. తోసా యాస దొర్లుతుంది. వేళాకోళాలు, బొమ్మలు, మధ్యలో గొంతు సవరింపులు వస్తాయి. గొంతు సవరించుకునే చప్పుడును జపనీసులో "ఎహెన్" అంటారు. 1863లో కైషు దగ్గర తనకు దొరికిన ఆదరణ గురించి గొప్పలు చెబుతూ, తానే ఆ చప్పుడు రాసి తన్ను తాను వెక్కిరించుకున్నాడు. మన ఊళ్ళో తమ్ముడు అక్క ముందు మీసం తిప్పి తానే నవ్వేసినట్టు.

అదే ఏడు రాసిన మరో ఉత్తరంలో మనిషి అదృష్టం గురించి చెబుతాడు. దురదృష్టవంతుడైతే స్నానపు తొట్టిలోంచి దిగబోతూ మర్మస్థానానికి దెబ్బ తగిలి కూడా చస్తాడట. తాను అలా కాదు, మంచి గురువు దొరికాడు అని ముగింపు. అక్కకు ఇలాంటి మాట రాయగలిగిన తమ్ముడికీ, చదివి నవ్వగలిగిన ఆ అక్కకూ మధ్య ఎంత చనువు ఉండాలి!

ఆ 1863 ఆగస్టు నడుమ రాసిన ఉత్తరమే అన్నిటికన్నా ప్రసిద్ధం. విదేశీ ఓడలు చోషుతో పోరాడి దెబ్బతిని, ఎడోలో మరమ్మతు చేయించుకుని మళ్ళీ చోషు మీదికి పోతున్నాయని ర్యోమకు తెలిసింది. సొంత దేశపు అధికారులే అందుకు తోడ్పడుతున్నారని ఆయనకు కోపం. ఆ కోపంలో ఆయన వాడిన పోలిక చాకిరేవుది. జపానును మరొక్కసారి ఉతికి ఆరేయాలన్నది ఆయన సంకల్పం. నేడు ఆ మాట జపానులో అందరికీ కంఠోపాఠం. గోడల మీద, చొక్కాల మీద, తేనీటి కప్పుల మీద కనిపిస్తుంది. కాని ఆ ఉత్తరం రాసినది ఏ ప్రభువుకో, ఏ సభకో కాదు. అదే ఉత్తరంలో, సంసారం విసిగి సన్యాసం పుచ్చుకుని కొండల్లోకి పోతానన్న అక్కకు హాస్యంగా జవాబు కూడా ఉంది. దేశాన్ని ఉతకడం, అక్కను నవ్వించడం రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఉతకడం అనే పోలిక గ్రాంథికంలో తట్టేది కాదు. ఇంటి మాటలో రాస్తే ఇంటి పనే పోలికగా వస్తుంది.

ఇంకొక ఉత్తరంలో బొమ్మ ఉంది. 1866లో ఫుషిమిలో ఒక సత్రం మీద అధికారులు రాత్రివేళ దాడి చేశారు. స్నానం చేస్తున్న ఒర్యో అనే అమ్మాయి ఉన్నపాటున మేడ మీదికి పరుగెత్తి హెచ్చరించింది. ర్యోమ చేతులకు గాయాలతో తప్పించుకున్నాడు. ఆమెనే భార్యగా వెంటబెట్టుకుని సత్సుమలోని వేడినీటి ఊటలకు వెళ్ళాడు. జపానులో తొలి కొత్తదంపతుల విహారయాత్ర అదేనని ఇప్పుడు సరదాగా చెప్పుకుంటారు. అక్కడ కొండ ఎక్కిన వైనం అక్కకు రాస్తూ, కొండ బొమ్మ గీసి, ఎక్కడ దారి కష్టమో గుర్తులు పెట్టాడు. శిఖరాన పాతి ఉన్న పురాణకాలపు ఈటె మీద చెక్కిన ముఖం చూసి ఇద్దరూ పగలబడి నవ్వారట. ఆ ఈటెను పెరికి చూశారు కూడా. పవిత్రమైన ఈటె సంగతి ఇలా రాసే ధైర్యం అక్క మీది నమ్మకమే.

ఉత్తరాల ఎదుట నిలబడ్డ జపాను జనాన్ని గమనిస్తే ఒక సంగతి తెలిసింది. వారిలో ఎవరూ ఆ ఉత్తరాన్ని నేరుగా చదవడం లేదు. చదవలేరు. అది కుంచెతో రాసిన గొలుసుకట్టు రాత. ఒకే ధ్వనికి రెండు మూడు రూపాలున్న పాత కనా అక్షరాలు. 1900లో బడుల్లో ఒక ధ్వనికి ఒకే అక్షరం అని స్థిరపరిచాక పాత రూపాలు వాడుకలోంచి పోయాయి. నేటి జపాను పట్టభద్రుడికి కూడా ముత్తాత ఉత్తరం గీతల చిక్కు మాత్రమే. అందుకని మ్యూజియంవారు ప్రతి ఉత్తరం పక్కనా అచ్చు అక్షరాల్లో అదే పాఠాన్ని, దాని కింద నేటి భాషలో తాత్పర్యాన్ని పెట్టారు. ఒక ముసలమ్మ మనవడికి వేలుపెట్టి ఆ అచ్చుపాఠం చదివి వినిపిస్తోంది. "ఎహెన్" దగ్గరకు రాగానే పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. నూట అరవై ఏళ్ళ నాటి హాస్యం, చదవలేని రాతలోంచి, ఆ పక్కన పెట్టిన కాగితం ముక్క వల్ల ఆ పిల్లవాడి దాకా వచ్చింది.

ర్యోమను గురించి చెప్పేదంతా నిజమని నేను అనడం లేదు. జపాను చరిత్రకారులే అనడం లేదు. చనిపోయాక చాలాకాలం ఆయన్ను పెద్దగా ఎవరూ తలచుకోలేదు. 1883లో కోచిలో ఒక పత్రిక ఆయన కథను నవలగా ప్రచురించాక పేరు లేచింది. 1904లో రష్యాతో యుద్ధం వేళ చక్రవర్తిని కలలో ర్యోమ కనబడి నౌకాదళాన్ని కాపాడతానన్నాడని పత్రికల్లో వచ్చింది. అప్పటినుంచి ఆయన నౌకాదళపు దేవుడయ్యాడు. కత్సురహమ విగ్రహం ఆవిష్కరించినది కూడా నౌకాదళ దినమైన మే 27న. 1962 నుంచి 1966 దాకా షిబా ర్యోతరో దినపత్రికలో రాసిన నవలతో నేటి ర్యోమ, అంటే స్వేచ్ఛాప్రియుడు, సంస్థానాల గోడలు దాటినవాడు, జనం గుండెల్లో స్థిరపడ్డాడు. కొత్త ప్రభుత్వానికి ఓడ మీద ఆయన రాసి ఇచ్చాడని చెప్పే ఎనిమిది సూత్రాల పత్రానికి అసలు ప్రతి లేదు. అది తరువాతివారి కల్పన కావచ్చని పరిశోధకులు అంటున్నారు. చనిపోయిన నెలలో ఆయన స్వయంగా రాసిన మరొక ఎనిమిది అంశాల పత్రం మాత్రం ఉంది. 2017లో చరిత్ర బోధించే అధ్యాపకుల బృందం ఒకటి, హైస్కూలు పాఠాల్లో కంఠస్థం చేయవలసిన పేర్ల జాబితాలోంచి ర్యోమ పేరు తీసేయవచ్చని ప్రతిపాదించింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. విచిత్రమేమంటే అదే ఏడు జనవరిలో ఆయన హత్యకు అయిదు రోజుల ముందు రాసిన ఉత్తరం ఒకటి బయటపడినట్టు ప్రకటించారు. కొత్త ప్రభుత్వానికి డబ్బు లెక్కలు తెలిసిన మనిషిని త్వరగా క్యోటోకు పంపమని అందులో కోరాడు. "కొత్త దేశం" అనే మాట అందులో ఉంది.

ప్రతి కాలమూ తనకు కావలసిన ర్యోమను తయారుచేసుకుంది. నౌకాదళం ఒకణ్ని, నవలాకారుడు ఒకణ్ని. అయితే ఈ ర్యోమలందరినీ నిలదీసి అడగగల సాక్షి ఒకటుంది. అది ఆయన ఇంటి భాషలో అక్కకు రాసిన కాగితం. దేవుడిగా మార్చినా, ఆ కాగితం తీసి చూస్తే తొట్టి దగ్గర జారిపడే మనిషి గురించి నవ్వే తమ్ముడు కనబడతాడు. ఇంటి మాటలో మిగిలిన ఉత్తరం అంత తేలికగా ఎవరి చేతిలోనూ ఆయుధం కాదు. ఇంత ప్రేమ ఎందుకన్న నా ప్రశ్నకు దొరికిన జవాబు ఇదే.

ఇక మన సంగతి. ర్యోమ దేశాన్ని ఉతకాలని అక్కకు రాసిన ఆ 1863 ఆగస్టులోనే, 29వ తేదీన, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టారు. ఇది యాదృచ్ఛికమే. ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలే లేదు. అయినా బరంపురంవాడిగా నాకు ఆ తేదీ తట్టకమానదు. పంతులుగారు పర్లాకిమిడిలో పంతులై, మాట్లాడే భాషలో రాయడం తప్పు కాదని జీవితమంతా పోరాడారు. 1919లో "తెలుగు" అనే పత్రిక నడిపారు. సవరల భాష నేర్చి దానికి నిఘంటువు కూర్చారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళారు, మనం ఉండిపోయాం. ఆయన పుట్టినరోజు అక్కడ తెలుగు భాషా దినోత్సవం. ఆయన పనిచేసిన ఊళ్ళో మాత్రం ఆ భాష ఇళ్ళలోనే వినబడుతుంది.

మా ఇంట్లో ఒక రేకుపెట్టె ఉంది. మా తాతగారి అన్నగారు గోపాలపురంలో ఓడ ఎక్కి రంగూన్ వెళ్ళి, ధాన్యపు మిల్లులో పనిచేశారు. మన గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి అలా వెళ్ళినవారు వేలమంది. ఆయన కార్డులు ముప్పైకి పైగా ఆ పెట్టెలో ఉన్నాయి. మొదటి రెండు పంక్తులు ఎవరో నేర్పినట్టు గ్రాంథికం. మూడో పంక్తికి వచ్చేసరికి "అప్పా" అని మొదలై, గుంటలు ఎలాగున్నారు, ఆవు ఈనిందా, వాన పడిందా అని మా వాడుకలోకి జారిపోతారు. అప్ప అంటే మా వైపు అక్క. చివరి కార్డు 1941 నాటిది. ఆ డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942లో మనవాళ్ళు వేలుగా, లక్షలుగా అడవుల వెంట నడిచి ఇల్లు చేరారు, చేరలేక దారిలో పోయారు. మా పెద్దతాత చేరలేదు. ఆ ఏడే ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా ఆ దేశపు బాంబులు పడ్డాయి.

కత్సురహమ విగ్రహం ఎదుట నిలబడినప్పుడు ఇది నాకు గుర్తులేదని చెప్పలేను. ఆ నౌకాదళం దేవుడిగా కొలిచిన మనిషి అక్కకు రాసిన ఉత్తరాలు చూసి నేను మురిసిపోయాను. ఆ సైన్యం వల్ల మా ఇంట్లో ఒక తమ్ముడి ఉత్తరాలు ఆగిపోయాయి. ఈ రెండూ నిజమే. ర్యోమ 1867లోనే పోయాడు. తరువాతి యుద్ధాలకు ఆయన బాధ్యుడు కాడు. కాని ఒక దేశం తన ప్రియమైనవాడి అక్షరం అక్షరం భద్రపరుస్తూనే, ఇతరుల ఇళ్ళలో ఉత్తరాలు ఆగిపోయేలా చేయగలదని ఆ ఒడ్డున నిలబడితే తెలుస్తుంది. నా మనసులో కోపం ఉందా అని మా మేనకోడలు అడిగింది. కోపం కాదు, ఆ పెట్టె మీద బెంగ అన్నాను.

ఎందుకంటే మా ఇంట్లో ఆ కార్డులు చదవగలిగినవాళ్ళం ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. మా పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు. ఒడియా, ఇంగ్లీషు రాస్తారు. తెలుగు లిపి వారికి రాదు. హోసూరులో, బళ్ళారిలో, షోలాపురంలో ఉన్న పాఠకులకు ఇది కొత్త సంగతి కాదు. కొందరి ఇళ్ళలో తమిళం, కొందరి ఇళ్ళలో కన్నడం, మరాఠీ. మాట ఉంది, లిపి పోయింది. దీన్ని మన ప్రత్యేక దౌర్భాగ్యమని నేనూ అనుకునేవాణ్ని. ఏ సరిహద్దూ మారకుండా, సొంత దేశంలో, సొంత భాషలో బడి చదువు చదివిన జపానువాళ్ళు కూడా తాతల రాత చదవలేరని చూశాక, ఆ బాధకు మందు ఎక్కడుందో కనబడింది. వాళ్ళు చదవలేకపోయినా పోగొట్టుకోలేదు. చదవగలిగినవాళ్ళు ఉండగానే, పక్కన రాసి పెట్టారు.

ఆ పనికి మ్యూజియం అక్కరలేదు, ప్రభుత్వ నిధులు అక్కరలేదు. ఇల్లు చేరాక నేను ఒక నోటుపుస్తకం కొన్నాను. ఎడమ పేజీలో కార్డులోని పాఠం ఉన్నదున్నట్టుగా తెలుగులో, యాస దిద్దకుండా. కుడి పేజీలో అదే తెలుగు ఒడియా లిపిలో. కింద తేదీ, ఎవరు ఎవరికి రాశారు, అందులో పేర్లున్నవారు మనకేమవుతారు అన్నది. రోజుకు ఒక కార్డు కన్నా సాగదు. చెరిగిన చోట చుక్కలు పెట్టి ఊరుకుంటున్నాను, ఊహించి నింపడం లేదు. మా మనవరాలు ఒడియా లిపిలో చదువుతూ తెలుగు వినిపిస్తుంటే, ఆవు ఈనిందా అన్న మాట దగ్గర నవ్వింది. ఆ ఆవు పేరేమిటని అడిగింది. తరువాతి కార్డులో ఉందేమో చూద్దామన్నాను.

ఈ పత్రిక చదివే ఇళ్ళలో ఇలాంటి పెట్టెలు అటక మీద ఎన్నో ఉండి ఉంటాయి. చెదలకు, వానకు, ఇల్లు మారేటప్పటి తొందరకు పోగా మిగిలినవి. వాటిలో దేశాన్ని ఉతికే సంకల్పాలు ఉండకపోవచ్చు. ధాన్యం ధర, పెళ్ళి ముహూర్తం, అప్పు తీర్చిన రసీదు ఉంటాయి. ఈ ఊళ్ళలో మనం ఎలా బతికామో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఇంకొకటి లేదు. చదవగలిగిన చెయ్యి ఆ ఇంట్లో ఉండగానే ఒక్కొక్కటీ దించి, పక్కన రాసి పెట్టండి.